నలుగురూ తిరిగే చోటు

నగర పార్కులను కనిపెట్టుకుని తిరిగే ఉద్యోగులను అమెరికాలో పార్క్ రేంజర్లు అంటారు. రేంజర్ అనగానే తెలుగువారికి అడవి, ఖాకీ చొక్కా, అటవీశాఖ జీపు గుర్తొస్తాయి. అమెరికాలోనూ ఆ పేరు మొదట్లో అడవులకూ కొండలకూ చెందిందే. 1916లో ఏర్పడిన నేషనల్ పార్క్ సర్వీస్‌లో రేంజర్లే జనానికి కనిపించే ముఖం. దారి తప్పినవారిని వెతికి తేవడం, అగ్గి రాజుకోకుండా చూడడం, వచ్చినవారికి ఆ చోటు విశేషాలు చెప్పడం వాళ్ల పని. 1979లో న్యూయార్క్ నగరం ఈ ఉద్యోగాన్ని మేడల మధ్యకు తీసుకొచ్చింది. అప్పటి పార్కుల కమిషనర్ గోర్డన్ డేవిస్ ‘అర్బన్ పార్క్ రేంజర్స్’ దళాన్ని ప్రారంభించారు.

ఆ నగర పార్కుల శాఖ చేతిలో ఇప్పుడు 30,000 ఎకరాలకు పైగా నేల ఉంది. నగర విస్తీర్ణంలో అది సుమారు 14 శాతం. అంత నేల చుట్టూ గోడ కట్టలేరు, అడుగడుగునా కాపలా మనిషిని నిలపలేరు. అందుకే అక్కడ పార్కుల భద్రత రెండు కాళ్ల మీద నడుస్తుంది. ఒకటి, పార్కును ఆనుపానులతో ఎరిగిన ఉద్యోగి. రెండు, పార్కును తమదనుకునే ఇరుగుపొరుగు. రెండో కాలు లేకపోతే మొదటిది కుంటుతుందని న్యూయార్క్ చాలా పోగొట్టుకున్నాక తెలుసుకుంది.

మొదటి కాపలాదారులు

పార్కును కాపాడటం అంటే ఏమిటన్న ప్రశ్న సెంట్రల్ పార్కు కడుతున్న రోజుల్లోనే వచ్చింది. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వా కలిసి గీసిన నమూనా పోటీలో గెలిచింది. 843 ఎకరాల ఆ పార్కులో తిరగడానికి ఓమ్‌స్టెడ్ ‘కీపర్లు’ అనే కాపలాదారులను పెట్టారు. అప్పటి నగరవాసుల్లో చాలామంది అలాంటి తోటను ఎన్నడూ చూసినవారు కాదు. పచ్చిక మీద ఎక్కడ నడవవచ్చో, కొమ్మ ఎందుకు విరవకూడదో వాళ్లకు తెలియదు. అందువల్ల కాపలాదారు పట్టుకుని దండించేవాడిగా కంటే మర్యాదగా చెప్పి నేర్పేవాడిగా ఉండాలని ఓమ్‌స్టెడ్ కోరుకున్నారు. నూట ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన రేంజర్లు ఎత్తుకున్నది ఈ ఆలోచననే.

పాడుబడిన రోజులు

1975లో న్యూయార్క్ నగర ఖజానా దివాలా అంచుకు చేరింది. పార్కుల శాఖ సిబ్బందిని పెద్ద ఎత్తున తగ్గించారు. తోటమాలి లేని పచ్చిక మట్టిదిబ్బగా మారింది. విరిగిన బెంచీని బాగుచేసేవారు లేరు, పోయిన దీపం మళ్లీ వెలగలేదు. సెంట్రల్ పార్కులోని బెల్వెడెర్ కోట తలుపులు మూతపడి, గోడలు పిచ్చిరాతలతో నిండిపోయాయి. గొర్రెల మంద మేసినందుకు షీప్ మెడో అని పేరుపడ్డ మైదానంలో గడ్డి పోయి దుమ్ము లేచేది.

పార్కు పాడైతే కుటుంబాలు రావడం మానేస్తాయి. కుటుంబాలు మానేసిన చోట చీకటి వ్యాపారాలు చేరతాయి. వాటిని చూసి మిగిలిన కొద్దిమందీ దూరమవుతారు. 1970ల చివరికి ఆ నగరంలో ఎన్నో పార్కులు ఈ సుడిలో చిక్కుకున్నాయి. పోలీసుల సంఖ్య పెంచినంత మాత్రాన ఈ సుడి ఆగదు. పోలీసు వెళ్లగానే పార్కు మళ్లీ ఖాళీగా ఉంటుంది. ఖాళీయే అసలు జబ్బు.

రేంజర్ చేసే పని

రేంజర్ల దళం ఈ ఖాళీని నింపడానికి పుట్టింది. వారి దినచర్యలో కాపలా ఒక భాగం మాత్రమే. పాఠశాల పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్లి నీటిలోని పురుగుల గురించి చెప్పడం, వారాంతాల్లో పక్షులను చూపించడం, పడవ నడపడం నేర్పడం, గాయపడిన గద్దలనూ దారి తప్పి వచ్చిన జంతువులనూ పట్టి సురక్షిత స్థలానికి చేర్చడం వారి పనులే. నగరంలో భాగమైన బ్రాంక్స్‌లోని పెల్హమ్ బే, వాన్ కోర్ట్‌ల్యాండ్, క్వీన్స్‌లోని ఆలీ పాండ్ వంటి పెద్ద పార్కుల్లో ప్రకృతి కేంద్రాలున్నాయి. 2002లో మన్‌హాటన్ ఉత్తర కొసన ఉన్న ఇన్‌వుడ్ హిల్ పార్కులో రేంజర్లు బాల్డ్ ఈగిల్ జాతి గద్ద పిల్లలను తెచ్చి పెంచి, రెక్కలొచ్చాక వదలడం మొదలుపెట్టారు. వాటిని చూడటానికి వచ్చిన జనం ఆ అడవి మూలలను కొత్తగా తెలుసుకున్నారు.

వీటిలో భద్రతకు నేరుగా తోడ్పడేవి చీకటిపడ్డాక జరిగే కార్యక్రమాలు. రేంజర్లు రాత్రిపూట నక్షత్రాలు చూపిస్తారు, టార్చి వెలుగులో నడిపిస్తారు, వేసవిలో కుటుంబాలను గుడారాల్లో పడుకోబెడతారు. ఒక తల్లి తన పిల్లలతో పార్కులో ఒక రాత్రి గడిపి తెల్లారి ఇంటికి వెళ్తే, ఆ పార్కు మీద పేటలో ఉన్న భయంలో కొంత ఆమెతోనే పోతుంది. పక్కింటివారికి ఆమె చెప్పే మాట ఏ ప్రకటనకన్నా దూరం వెళ్తుంది.

నియమాలను అమలు చేయడానికి వేరే దళం ఉంది. దాని పేరు పార్క్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ పెట్రోల్. ఆ అధికారులు జరిమానా రాయగలరు, అవసరమైతే అరెస్టు చేయగలరు, కానీ తుపాకీ పట్టరు. తీవ్రమైన నేరాలను నగర పోలీసులు చూస్తారు. సెంట్రల్ పార్కుకైతే ప్రత్యేకంగా ఒక పోలీసు స్టేషనే ఉంది. ఈ మూడంచెల విభజనలో అర్థముంది. కుక్క మెడ తాడు విప్పినవాడికీ, దారి అడిగే ముసలాయనకూ, కత్తి చూపినవాడికీ ఒకే మనిషి ఒకే తీరున ఎదురుపడితే ముగ్గురిలో ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. మాటతో తీరేదాన్ని మాటతో తీర్చగలిగినవారు ముందు ఉండాలి.

మనుషులే మందు

జనం తిరగడమే భద్రత అన్న మాటకు 1961లో రచయిత్రి జేన్ జేకబ్స్ గట్టి వాదన అందించారు. అమెరికా మహానగరాల మీద ఆమె రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఒక అధ్యాయం పూర్తిగా పార్కుల గురించే. ఫిలడెల్ఫియా నగరాన్ని 17వ శతాబ్దంలో విలియమ్ పెన్ గీయించినప్పుడు వదిలిన చదరపు తోటలను ఆమె పక్కపక్కన పెట్టి చూశారు. అన్నీ ఒకే ఈడువి, దాదాపు ఒకే కొలతవి. అయినా రిట్టెన్‌హౌస్ స్క్వేర్ కళకళలాడుతుంటే మరికొన్ని బావురుమంటున్నాయి. తేడా తోటలో కంటే తోట చుట్టూ ఉందని ఆమె చూపారు. రిట్టెన్‌హౌస్ చుట్టూ ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు, భోజనశాలలు కలిసి ఉన్నాయి. పొద్దున పనికి వెళ్లేవారు, పదింటికి పిల్లలతో తల్లులు, మధ్యాహ్నం ఉద్యోగులు, సాయంత్రం ముసలివారు, రాత్రి భోజనానికి వచ్చినవారు: గంటగంటకూ కొత్త జట్టు ఆ తోటను దాటుతుంది. తోట ఎప్పుడూ ఒంటరి కాదు.

విలియమ్ వైట్ అనే పరిశీలకుడు ఇదే సంగతిని కెమెరాతో పట్టుకున్నారు. న్యూయార్క్ చిన్న కూడళ్లలో జనం ఎక్కడ ఆగుతారో, ఎక్కడ కూర్చుంటారో, ఎటు తిరిగి మాట్లాడుకుంటారో సంవత్సరాల పాటు చిత్రీకరించి 1980లో ఫలితాలు ప్రచురించారు. మనుషులను అన్నిటికన్నా ఎక్కువగా లాగేది సాటి మనుషులేనని ఆయన తేల్చారు. ఒక చోట ఆడవాళ్ల పాలు ఎక్కువగా ఉంటే ఆ చోటు బాగా నడుస్తోందని గుర్తు అని కూడా చెప్పారు. కూర్చోవాలా వద్దా అని స్త్రీలు ముందుగానే నాలుగువైపులా చూసి నిర్ణయించుకుంటారు కనుక, వారి లెక్క పార్కు ఆరోగ్యానికి నాడిలాంటిది.

బ్రయంట్ పార్కు పాఠం

ఈ ఆలోచనలు నేల మీద పరీక్షకు నిలిచింది బ్రయంట్ పార్కులో. 42వ వీధిలో, న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం వెనుక ఉన్న చిన్న తోట అది. 1934లో మార్పులు చేసినప్పుడు వీధికన్నా ఎత్తులో, ఇనుప కంచెల లోపల, పొదల చాటున నిలిపారు. ప్రశాంతత కోసం చేసిన ఆ చాటే తర్వాత శాపమైంది. వీధిలో వెళ్లేవారికి లోపల ఏమవుతోందో కనిపించదు. లోపలున్నవారికి బయటపడే దారులు తక్కువ. 1970ల నాటికి మాదకద్రవ్యాల అమ్మకానికి ఆ పార్కు పేరుమోసింది.

వైట్ అధ్యయనం చేసి చెప్పినవి సాదా సూచనలు. కంచెలు తీసేయండి, పొదలు తగ్గించండి, వాకిళ్లు వెడల్పు చేయండి, మెట్లు పెంచండి. 1980లో ఏర్పడ్డ బ్రయంట్ పార్క్ పునరుద్ధరణ సంస్థ ఈ దారిన నడిచింది. 1988లో మూసిన పార్కు 1992లో తిరిగి తెరుచుకుంది. పచ్చిక కింద గ్రంథాలయం పుస్తకాల నిల్వకు గదులు కట్టారు. పైన పూలమడులు, తినుబండారాల దుకాణాలు, శుభ్రంగా ఉంచే మరుగుదొడ్లు వచ్చాయి. అందరినీ ఆశ్చర్యపరిచింది కుర్చీలు. గొలుసులు కట్టని వందలాది చిన్న కుర్చీలను పార్కంతా వదిలేశారు. ఎవరికి కావలసిన చోటికి వారు లాక్కుని కూర్చోవచ్చు. ఎత్తుకుపోతారన్న భయం నిజం కాలేదు. నమ్మి వదిలిన వస్తువును జనమే కాపాడారు.

బ్రయంట్ పార్కు ఒక్క చోటి అనుభవం. మామూలు పేటల్లోనూ ఖాళీ స్థలం బాగుపడితే నేరం తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఫిలడెల్ఫియాలో లెక్కలతో జవాబు దొరికింది. అక్కడ 541 ఖాళీ స్థలాలను తీసుకుని, చీటీలు వేసినట్టు విభజించి, కొన్నిటిలో చెత్త తీసి, గడ్డి వేసి, కొద్ది చెట్లు నాటి, లోపలికి రావడానికి దారి ఉన్న పొట్టి చెక్క కంచె కట్టారు. మిగిలినవాటిని పోలిక కోసం వదిలేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పేదరికపు గీతకు దిగువన ఉన్న పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస సుమారు 29 శాతం తగ్గింది. చుట్టుపక్కలవారు బయట కూర్చోవడం, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం పెరిగింది.

తమదనిపించాలంటే

జనం వచ్చి పోతే సరిపోదు. చెడిపోయినదాన్ని చూసి ఊరుకోని మనసు రావాలి. అది ఆజ్ఞతో రాదు, చేతికి మట్టి అంటితే వస్తుంది. 1973లో న్యూయార్క్ బౌరీ ప్రాంతంలో చెత్తతో నిండిన ఒక స్థలాన్ని లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడు నగర పాలక సంస్థ ఆ స్థలాన్ని నెలకు 1 డాలరు అద్దెకు ఇచ్చింది. దాని వెంట వందల తోటలు పుట్టాయి. వాటికి మట్టి, పనిముట్లు, శిక్షణ అందించడానికి 1978లో నగరం ‘గ్రీన్‌థంబ్’ పథకం పెట్టింది. నేడు దాని కింద 550కి పైగా సామూహిక తోటలున్నాయి. సాగుచేసేవారు తోటను నిర్ణీత గంటల్లో అందరికీ తెరిచి ఉంచాలి. కట్టెగేటు తెరిచి కూర్చున్న ఒక పెద్దావిడ ఆ సందుకంతటికీ కాపలా అవుతుంది.

పెద్ద పార్కుల్లోనూ ఇదే సూత్రం పనిచేసింది. 1980లో సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడింది. దాని స్థాపనలో ముందు నిలిచిన ఎలిజబెత్ బార్లో రోజర్స్ చందాలు, స్వచ్ఛంద శ్రమ కూడగట్టి ఒక్కో మూలనూ బాగుచేయించారు. షీప్ మెడోలో మళ్లీ పచ్చిక మొలిచింది. 1983లో బెల్వెడెర్ కోట ప్రకృతి కేంద్రంగా తలుపులు తీసింది. 1996లో పార్కును 49 మండలాలుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో తోటమాలిని బాధ్యుణ్ని చేశారు. అంతకుముందు పనివాళ్లు జట్లుగా వచ్చి పని చేసి వెళ్లేవారు, ఏ మూల చెడిందో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు ఆ మూలకు ఒక మనిషి ఉన్నాడు. రోజూ నడిచేవారికి ఆయన పేరు తెలుసు, ఆయనకు వారి ముఖాలు తెలుసు. గోడ మీద పిచ్చిరాత పడితే 24 గంటల్లో చెరిపేస్తారు. బాగున్న చోటును పాడుచేయడానికి చేయి రాదు, పాడైన చోటును ఇంకాస్త పాడుచేయడానికి ఎవరూ వెనుకాడరు.

బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కుకు 1987లో ఇలాంటి సంస్థే వచ్చింది. చిన్న పేటలు స్వంతంగా సంఘం పెట్టుకోవడానికి సాయపడేందుకు 1995లో ‘పార్ట్‌నర్‌షిప్స్ ఫర్ పార్క్స్’ మొదలైంది. పదిమంది ఇరుగుపొరుగు కలిసి ఒక శనివారం బెంచీలకు రంగు వేయాలనుకుంటే బ్రష్షులు, చేతితొడుగులు ఎక్కడ దొరుకుతాయో, అనుమతి ఎవరిని అడగాలో ఆ కార్యక్రమం దగ్గరుండి చెబుతుంది.

కుక్కల యజమానుల సంగతి మరో ఉదాహరణ. న్యూయార్క్ పార్కుల్లో కుక్కను తాడుతోనే తిప్పాలి. కానీ తెల్లవారుజామున, రాత్రి వేళల్లో వదిలితే చూసీచూడనట్టు పోయే ఆచారం చాలాకాలంగా ఉండేది. వ్యతిరేకులు కోర్టుకు వెళ్లారు, వాదోపవాదాలు జరిగాయి. చివరికి 2007లో నగరం ఆ వెసులుబాటును నియమంగా రాసింది. కేటాయించిన చోట్ల ఉదయం 9 గంటల లోపు, రాత్రి 9 తర్వాత పార్కు మూసేదాకా కుక్కలను వదలవచ్చు. నిర్మానుష్యంగా ఉండే వేళల్లోనే ఈ యజమానులు పార్కుకు వస్తారు, వాన అయినా మంచు అయినా రోజూ వస్తారు. దీపం పోయినా, కొత్త ముఖం ఒంటరి పిల్లవాడి వెంట నడిచినా మొదట గమనించేది వాళ్లే. ఒక చిక్కును నిషేధంతో తేల్చకుండా ఒప్పందంతో తేల్చినందువల్ల పార్కుకు జీతం లేని కాపలా దొరికింది.

ఒడ్డున పూజలు

నియమానికీ నమ్మకానికీ పొత్తు కుదిర్చే పని రేంజర్లకు జమైకా బే ఒడ్డున ఎదురైంది. క్వీన్స్‌లోని ఈ ఉప్పునీటి తీరం 1972లో ఏర్పడ్డ గేట్‌వే జాతీయ వినోదక్షేత్రంలో భాగం. అక్కడివారు కేంద్ర ప్రభుత్వ రేంజర్లు. చుట్టుపక్కల నివసించే హిందువులు, ముఖ్యంగా గయానా, ట్రినిడాడ్‌ల నుంచి వచ్చిన భారత సంతతివారు, ఆ నీటినే గంగగా తలచి పూలు, పండ్లు, కొబ్బరికాయలు, వస్త్రాలు సమర్పిస్తారు. కెరటం వాటిని మళ్లీ ఒడ్డుకు తెస్తుంది. పక్షులకూ జలచరాలకూ కీడు జరుగుతుందని, నీటిలో ఏదీ వదలరాదని పార్కు నియమం.

జరిమానాలతోనే వదిలేస్తే భక్తులు చీకట్లో వచ్చేవారు. రేంజర్లు గుడులకు వెళ్లి పూజారులతో, పెద్దలతో మాట్లాడారు. సమర్పించి, నమస్కరించి, తిరిగి తీసుకెళ్లడం ఎలాగో కలిసి ఆలోచించారు. హిందూ యువతీయువకులు కొందరు బృందంగా ఏర్పడి ఒడ్డును తామే శుభ్రం చేయడం మొదలుపెట్టారు. నీటిని తల్లిగా భావించేవారికి ఆ తల్లి ఒడిలో చెత్త వేయకూడదన్న మాట బయటివాడి ఆంక్షగా కంటే ఇంటి మాటగా చేరినప్పుడే నిలుస్తుంది. గోదావరి పుష్కరాలు, కృష్ణా ఘాట్లు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ సమస్యా కొత్తది కాదు, పరిష్కారమూ దూరం కాదు.

చూపు అనుమానంగా మారితే

ఇరుగుపొరుగు కళ్లకు ఒక ప్రమాదముంది. చూసే కళ్లు ఎవరిని ‘మనవాడు’ అనుకుంటాయి, ఎవరిని ‘పరాయి’ అనుకుంటాయి అన్నది ముఖ్యం. 1989లో సెంట్రల్ పార్కులో పరుగుకు వెళ్లిన ఒక మహిళ మీద ఘోరమైన దాడి జరిగింది. నగరం భయంతో, కోపంతో ఊగిపోయింది. నల్లజాతి, లాటినో కుటుంబాలకు చెందిన అయిదుగురు కుర్రాళ్లకు శిక్ష పడింది. 2002లో అసలు నేరస్థుడు ఒప్పుకోవడం, డీఎన్ఏ పరీక్ష దాన్ని నిర్ధారించడంతో ఆ శిక్షలు రద్దయ్యాయి. అప్పటికి వాళ్ల యౌవనం జైళ్లలో కరిగిపోయింది. 2014లో నగరం 4.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. 2022లో పార్కు ఉత్తరపు అంచున ఒక వాకిలికి ‘గేట్ ఆఫ్ ది ఎగ్జానరేటెడ్’, అంటే నిర్దోషులుగా తేలినవారి ద్వారం, అని పేరు పెట్టారు.

పార్కు భద్రత గురించి మాట్లాడే ప్రతి సంఘమూ ఆ ద్వారం దగ్గర ఒకసారి ఆగాలి. దాడికి గురైన స్త్రీకి పార్కు భద్రంగా లేకపోవడం ఎంత నిజమో, పార్కులో ఉన్నందుకే అనుమానితులైన పిల్లలకు అది భద్రంగా లేకపోవడమూ అంతే నిజం. అందుకే స్వచ్ఛంద సేవకులకు నేర్పాల్సిన మొదటి పాఠం మనిషి రూపాన్ని కాక జరిగిన పనిని చూడమని. ‘ఎవడో తిరుగుతున్నాడు’ అన్నది ఫిర్యాదు కాదు. ‘ఫలానా దారిలో దీపం పగిలింది’, ‘ఫలానా చోట మనిషి పడిపోయాడు’ అన్నవి ఫిర్యాదులు. అత్యవసరం కానివాటికి న్యూయార్క్‌లో 2003 నుంచి 311 నంబరు ఉంది. ప్రాణం మీదికొచ్చినవాటికి 911. ఈ రెంటి మధ్య తేడా తెలియడమే పౌరుడి కాపలాలో సగం.

డబ్బున్న పార్కు, లేని పార్కు

ప్రజల తోడ్పాటుకు ఇంకో హద్దు ఉంది. సెంట్రల్ పార్కు చుట్టూ సంపన్నులున్నారు, చందాలు పోగవుతాయి. దాని వార్షిక ఖర్చులో అధిక భాగం కన్జర్వెన్సీయే భరిస్తుంది. బ్రాంక్స్‌లో రెండు పనులు చేసుకునే తల్లిదండ్రులున్న పేటలో అంత చందా ఎక్కడిది? శనివారం శ్రమదానానికి తీరిక ఎక్కడిది? 20 ఏళ్ల కాలంలో రెండున్నర లక్షల డాలర్ల పెట్టుబడి కూడా రాని పార్కులు 200కు పైగా ఉన్నాయని నగర పాలక సంస్థ స్వయంగా గుర్తించింది. 2014లో ‘కమ్యూనిటీ పార్క్స్ ఇనిషియేటివ్’ పేరుతో అలాంటి పేటల చిన్న పార్కులను బాగుచేసే పథకం మొదలుపెట్టింది. నమూనాలు గీయకముందే ఇరుగుపొరుగును కూర్చోబెట్టి ఏం కావాలో అడిగారు. ఎత్తు కంచెలు తగ్గించమని, నీళ్లు చిమ్మే ఆటచోటు పెట్టమని, ముసలివారికి నీడలో బెంచీలు వేయమని జనం చెప్పారు.

ప్రజల సాయం ప్రభుత్వ ఖర్చుకు తోడుగా నిలవాలి, బదులుగా కాదు. స్వచ్ఛంద సేవకుడు పూలమొక్క నాటగలడు, మురుగు కాలువ తవ్వలేడు. చెత్త ఏరగలడు, విద్యుత్ తీగ మార్చలేడు. రేంజర్ జీతం, దీపం బిల్లు, మరుగుదొడ్డి శుభ్రత ఏటా బడ్జెట్లో ఉండి తీరాలి. అవి ఉన్న చోట ఇరుగుపొరుగు శ్రమకు ఫలితం కనిపిస్తుంది. ఫలితం కనిపించిన వాళ్లు మరుసటి శనివారం మళ్లీ వస్తారు, పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని వస్తారు.